కోటుకు అంటని వాసన

ఫెబీ నిద్ర లేచేసరికి ఇంట్లో మెంతులు వేగుతున్నాయి. పరుపు మీదే ఊపిరి బిగబట్టింది.

"మమ్మీ! ఈరోజే వేయించాలా? వైన్ టేస్టింగ్ ఉందని చెప్పాను కదా."

"ఆదివారం ప్రేమవిందుకి నిమ్మకాయ పచ్చడి తెస్తానని చర్చిలో మాటిచ్చేశానే అమ్మడూ," అంది దేవకుమారి, గరిటె ఆపకుండా. "నీ కోటు గరాజ్‌లో పెట్టాను. తలుపులన్నీ వేశాను. ఎందుకంత కంగారు?"

అమెరికాలో, డెట్రాయిట్ పక్కన నోవైలో ఈ ఇంటికి వచ్చిన కొత్తనుంచీ అదే పద్ధతి. పొయ్యి వెలిగించే ముందు కోట్లు గరాజ్‌లోకి వెళ్ళాలి, పడకగదుల తలుపులు మూతపడాలి. బడిలో ఒక పిల్ల ఫెబీ పక్కనుంచి లేచి మరో కుర్చీలోకి మారిన రోజున మొదలైంది అది. ఆ పిల్ల ఏమీ అనలేదు. అనకపోవడం వల్లే ఆ అనని మాట ఫెబీ లోపల పూర్తికాకుండా ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరి పక్కన కూర్చోబోయినా ముందు తన చొక్కా చేతిని తానే వాసన చూసుకుంటుంది. ఆ కాపలాయే ఆమె ముక్కును పదును పెట్టిందేమో.

డెట్రాయిట్‌లో ఒక ఫ్రెంచ్ రెస్టారెంట్‌లో ఆమె వడ్డిస్తుంది. యజమానురాలు క్లేర్ అక్కడి వైన్ సెల్లార్‌ని, అంటే వైన్ సీసాల కొట్టుని, చూసుకునే పని ఒకరికి అప్పగించాలనుకుంటోంది. ఈరోజు సీసాలు చూపించకుండా గ్లాసులు పెడుతుంది. ఏ ప్రాంతమో, ఏ ద్రాక్షో ఫెబీ చెప్పగలిగితే సెల్లార్ ఆమెది. లేకపోతే బయటినుంచి ఎవరో వస్తారు, ఆమె పళ్ళాలు మోస్తూనే ఉంటుంది.

"కానా పెళ్ళిలో కూడా ఇంత పరీక్ష లేదే," అంది దేవకుమారి. "ప్రభువు నీళ్ళని ద్రాక్షరసం చేశాడుగానీ, అది ఏ ఊరిదో చెప్పమని ఎవర్నీ నిలబెట్టలేదు."

ఫెబీ నవ్వింది. నవ్వుతూనే రెండోసారి తలస్నానానికి వెళ్ళింది.

మధ్యాహ్నం రెస్టారెంట్ ఖాళీగా ఉంది. మొదటి గ్లాసులో తడి సుద్ద, పచ్చి ఆపిల్. షాబ్లీ ప్రాంతం, షార్డనే ద్రాక్ష అంది ఫెబీ. తర్వాతిది లిచీ, గులాబీ. అల్సాస్, గెవూర్జ్‌ట్రమినర్. ఎర్రవాటిలో ఒకదాంట్లో పచ్చి క్యాప్సికమ్ తగిలింది. లువార్ నదీతీరం, కాబెర్నే ఫ్రాంక్. మరొకదాంట్లో మిరియాలు, పొగ. రోన్ ఉత్తర భాగం, సిరా. ప్రతిదానికీ క్లేర్ అవునన్నట్టు తల ఊపింది.

చివరి గ్లాసు పసిడి రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే అక్రోటు. దాని వెనక, అప్పుడే వేగిన మెంతులు.

ఫెబీ గ్లాసు దించేసింది. చెవులు వేడెక్కాయి. కోటు బయట కొక్కేనికి ఉంది. అయితే జుట్టేనా? కుర్చీ వెనక్కి జరిపింది. చెయ్యి వాసన చూసుకుంది. సబ్బు తప్ప ఏమీ లేదు. అక్కడితో తెలిసిపోవాలి. కానీ సిగ్గు సాక్ష్యం అడగదు. క్లేర్‌కి కూడా ఈ వాసన తగులుతోందా అని ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసి, మళ్ళీ గ్లాసు ఎత్తింది. అన్నంలోంచి వెంట్రుక తీసినట్టు ఆ వాసనలోంచి మెంతుల్ని తీసి పక్కన పెట్టింది. అక్రోటు, వడలిన ఆపిల్, ఉప్పదనం మిగిలాయి.

"బర్గండీ. షార్డనే. పాతబడి గాలి తగిలింది."

క్లేర్ పొట్టి సీసా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"జురా. సావన్యాన్ ద్రాక్ష. పైన ఈస్ట్ పొర కట్టనిచ్చి ఆరేళ్ళకు పైగా పీపాలో ఉంచుతారు. మెంతుల వాసనతోనే దీన్ని పట్టేస్తారు ఎవరైనా. నువ్వు మొదట ఆగిపోయావు. ఏం తగిలింది?"

"మెంతులు."

"మరి చెప్పలేదేం?"

ఫెబీ మళ్ళీ చొక్కా చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకోబోయి దించేసింది.

"తెలియక తప్పు చెబితే నేర్పించవచ్చు," అంది క్లేర్ మెల్లగా. "తగిలినదాన్ని దాచుకునే మనిషికి సెల్లార్ ఎలా ఇవ్వను, ఫెబీ?"

మంచులో కారు నెమ్మదిగా నడుపుతూ ఫెబీ ఇంకే వాసనల్ని అలా తీసి పక్కన పెట్టానా అని ఆలోచించింది. జ్ఞాపకానికి ఒక్కటీ రాలేదు. తీసేసినవి ఎలా గుర్తుంటాయి?

దేవకుమారి వంటింట్లో పచ్చడి జాడీకి గుడ్డ కడుతోంది. కూతురి ముఖం చూసి చేతులు ఆపింది.

"రాలేదా తల్లీ?"

"రాలేదు."

ఆమె చూపు పొయ్యి మీదికి వెళ్ళింది. "నా మెంతులేనా?"

"కాదు మమ్మీ. మెంతులు గ్లాసులోనే ఉన్నాయి. ఆ వైన్ వాసనే అది. నేనే నా మీదనుంచి అనుకున్నాను."

"ఊరుకోవే. వైన్‌లో మెంతులేంటి? నేను నొచ్చుకుంటానని కబుర్లు చెప్పకు."

"ప్రామిస్ మమ్మీ."

దేవకుమారి వినలేదు. మెంతుల డబ్బాని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ముడి వేసింది. దాన్ని ఇంకో కవర్‌లో పెట్టింది. "ఇంక ఈ ఇంట్లో వేయించను," అంది తనలో తాను.

ఫెబీ డబ్బా తీసుకుంది. ముడులు విప్పి, మూకుడులో గుప్పెడు మెంతులు పోసి పొయ్యి వెలిగించింది.

"కోటు! ముందు ఆ కోటు తీయవే!"

తీయలేదు. మెంతులు ఎర్రబడేదాకా ముఖం మూకుడు మీదికి వంచి, ఆ వాసనని గుండెల నిండా పీలుస్తూ నిలబడింది. దేవకుమారి అలవాటుగా పడకగది తలుపు మూయడానికి పరుగెత్తి, నాబ్ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి కూతుర్ని చూస్తూ అక్కడే ఆగిపోయింది.