చినగని మందుల చీటీ

నేను ఒక మందుల చీటీని. నాలాంటివి మీ ఇళ్లలోనూ సొరుగుల్లోనో దేవుడి పటం వెనకనో ఉండే ఉంటాయి. నన్ను మాత్రం వంటింట్లో ఫ్రిజ్ పైన మేకుకు వేలాడదీశారు. అక్కడినుంచి చూసినదంతా తలచుకుంటే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది.

పాలకొల్లులో పిల్లల డాక్టరు ఇందుమతి గారు నన్ను రాశారు. పిల్ల పేరు చేతన. కోటిలింగం, వనజల కూతురు. అప్పటికి రెండేళ్లది, పదకొండు కిలోలు. చెవిలో చీము పట్టి రెండు రోజులుగా ఏడుస్తోంది. డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసి, పిల్లను తూచి, ఆ బరువుకు తగ్గట్టు యాంటీబయాటిక్ సిరప్ రాశారు. అడుగున తెలుగులో రెండు ముక్కలు రాసి కింద గీత గీశారు. ఆ రెండు ముక్కల్నీ ఎవరూ చదవలేదు.

మూడో రోజుకి పిల్ల నవ్వింది. మందు వేడి చేస్తుందని వనజ ఆపేసి, మిగతా సీసాను ఫ్రిజ్ తలుపులో పెట్టింది. కోటిలింగం నావంక భక్తిగా చూసి, డాక్టరమ్మ హస్తవాసి అలాంటిదన్నాడు. అతనిది జెరాక్సు షాపు. ఊళ్లోవాళ్ల మార్కుల లిస్టులకు లామినేషన్ చేసే మిషన్లోనే నన్నూ పెట్టి ప్లాస్టిక్ తొడిగాడు, మూలన చిల్లు పొడిచాడు. ఆవిడ హస్తవాసి ఇక తన గోడ మీదే ఉందనుకున్నాడు మహానుభావుడు.

ఇక మొదలైంది నా ఊరేగింపు. ముక్కు కారితే నేను, దగ్గితే నేను. జలుబుకి నా మందు పనికిరాదని, అది దానంతటదే తగ్గుతుందని అరవడానికి నాకు నోరు లేదు. మందుల షాపాయనకు నోరుంది. కానీ మందు పేరు చదివి సీసా అందించడంతో ఆయన చదువు అయిపోయేది, తారీఖు చూసిన పాపాన పోలేదు. ప్రతిసారీ రెండు రోజులు వేయడం, ఒళ్లు చల్లబడగానే సీసాను ఫ్రిజ్‌లోకి తోయడం. నెలల కిందటి సీసాలో అడుగున గడ్డకట్టిన మందులో నీళ్లు పోసి, గిలకొట్టి వేసిన రోజు కూడా ఉంది. ఛీ! ఆ చెంచా చేతన నోట్లోకి వెళ్తుంటే మేకు మీదే సిగ్గుతో చచ్చాను.

అక్కడితో ఆగారా? భీమవరంలో వనజ చెల్లెలు తన ఎనిమిది నెలల బాబుకి విరేచనాలని ఫోన్ చేస్తే, వనజ నన్ను ఫోటో తీసి పంపింది. ఎంత వేయాలని ఆ అమ్మాయి అడిగింది.

"మా దానికేసినంతే ఎయ్యవే, ఏం కాదు," అంది వనజ.

చేతనకు అయిదేళ్లు వచ్చాయి. ఒకరోజు మూత్రం పోసుకుంటుంటే మంటని ఏడ్చింది, సాయంత్రానికి వణుకుతో జ్వరం ముంచుకొచ్చింది. మళ్లీ నన్నే దింపారు. పదకొండు కిలోల పిల్లకు రాసిన మోతాదును పదహారు కిలోల పిల్లకు నాలుగు రోజులు పోశారు. అయిదో రోజు పిల్ల కళ్లు తేలేస్తే ఆసుపత్రికి పరుగెత్తారు, నన్ను చేత్తో పట్టుకుని మరీ.

పరీక్షల ఫలితాలు చూసి ఇందుమతి గారు, ఈ మందు పిల్లకి అలవాటేనంటున్న వనజను ఆపారు.

"మందుకి అలవాటుపడింది పిల్ల కాదండీ, పిల్ల ఒంట్లో క్రిములు. ఈ సిరప్‌కి ఇక లొంగవు. కిడ్నీ దాకా పాకాయి. నరానికి ఇంజక్షన్లు ఇస్తున్నాం, చూద్దాం."

ఈ చీటీ మీరు రాసిందేనండీ అంటూ కోటిలింగం నన్ను చూపించాడు. ఆవిడ తన రాతను గుర్తుపట్టి, అడుగున గీత దగ్గర వేలు పెట్టి చదవమన్నారు.

"అయిదు రోజులూ పూర్తిగా వేయాలి. ఈసారికి మాత్రమే," అని అతను మెల్లగా చదివాడు.

మూడేళ్లుగా తన వంటింట్లో వేలాడుతున్న మాట అది. నన్ను చింపబోయాడు. చినగలేదు, అంత శ్రద్ధగా అతికించాడు. పళ్లతో లాగాడు. చివరికి మంచం కిందికి విసిరేసి, పిల్ల పాదాలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఒక్కసారే ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది.

పదో రోజుకి చేతన ఇడ్లీ అడిగింది. ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ కొత్త చీటీ రాసిచ్చి, అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు. మంచం కింద దుమ్ములో పడి ఉన్న నేను, నా పీడ ఈ పిల్లకు వదిలిందని సంతోషించాను.

అప్పుడు వనజ గొంతు వినబడింది.

"ఏవండీ, అది మడతెట్టకండి, నలిగిపోద్ది. షాపుకెళ్లగానే ప్లాస్టిక్ తొడిగేయండి."

కోటిలింగం ఏమంటాడోనని చెవులు రిక్కించాను. అతను కొత్త చీటీని అరచేత్తో సాపు చేస్తున్న చప్పుడు వినబడింది.