రెండో అంకమ్మ

మంగళగిరిలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్న సిద్దికాకు ఆ ఉదయం కింద రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకావిడ వచ్చి కూర్చుందట. వెబ్‌సైటు రాసినవాళ్లను చూస్తేగాని కదలనంటోందట.

వచ్చినామె అంకమ్మ, గుంటూరు పక్క పల్లెలో మిర్చి రైతు. కోల్డ్ స్టోరేజీలో సరుకు దించుకోవడానికి వరుస నంబర్లిచ్చే వెబ్‌సైటు సిద్దికా వాళ్లదే. నలభై ఒకటో నంబరు అని అంకమ్మకు మెసేజీ వచ్చింది. తీరా ట్రాక్టరుతో వెళ్తే గేటు దగ్గరి జాబితాలో పేరు లేదన్నారు. రెండు రోజులు రోడ్డు పక్కనే పడిగాపులు కాసింది. రెండో సాయంత్రం వాన కొట్టి పై వరుస బస్తాలు తడిసిపోయాయి.

"మీ ఫోనేమో రమ్మంది. గేటు కాడోడేమో నువ్వు లేవన్నాడు. నేనున్నానా, లేనా? అది చెప్పమ్మాయ్" అంది అంకమ్మ.

సిద్దికా పైకి పరుగెత్తి కోడ్ తెరిచింది. రైతులు బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే మనిషి జాబితాలో రెండుసార్లు పడుతున్నాడని ఆరు నెలల కిందట ఆమే ఒక చిన్న ఫంక్షన్ రాసింది. జాబితా ఇస్తే ఫోన్ నంబర్లు పోల్చి, రెండోసారి వచ్చినవాటిని అది తీసేస్తుంది. ఇప్పుడక్కడ ఫోన్ నంబరు లేదు, పేరు ఉంది. ఇంటిపేరుతో సహా ఒకే పేరున్న అంకమ్మలు ఆ ఊళ్లో ఇద్దరు. రెండో ఆమెను ఫంక్షన్ చడీచప్పుడు లేకుండా తీసి పారేసింది.

మార్చింది టీమ్ లీడ్ ఉదయ్ కుమార్. అడిగితే అతను తల కూడా ఎత్తలేదు. అన్నదమ్ములిద్దరు ఒకే ఫోన్‌తో నమోదు చేసుకుంటే ఒకడు పోతున్నాడని మార్చానన్నాడు. మొదట రాసినదీ తప్పేనన్నాడు. అది నిజమే. ఆ నిజం సిద్దికాకు ఇంకా మంట పుట్టించింది. మార్పును చూసి సరేనన్నవాళ్ల పేరు దగ్గర ఆమె పేరే ఉంది. చదవకుండానే నొక్కేసింది.

"సర్వర్ ప్రాబ్లమని చెప్పి పంపించెయ్" అన్నాడతను.

"సర్వర్ ఏం పాపం చేసిందండీ? తప్పు మనిద్దరిదీ. నేను అదే చెప్తాను."

పేరూ ఫోనూ ఊరూ మూడూ కలిస్తేనే తీసేసేలా, తీసిన ప్రతిసారీ ఆఫీసుకు కబురొచ్చేలా ఫంక్షన్‌ను మార్చింది. పాత జాబితాను కొత్తదానితో పోల్చి చూస్తే పదకొండు మంది పోయినట్టు తేలింది. కోల్డ్ స్టోరేజీ మేనేజరుకు ఫోన్ చేసి ఆ పేర్లన్నీ చదివింది. అంకమ్మ సరుకును మధ్యాహ్నం, మిగతావాళ్లది రేపటి నుంచి దించుకుంటామన్నాడు. తడిసిన బస్తాలను మాత్రం లోపలికి రానిచ్చేది లేదన్నాడు.

కిందికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. అంకమ్మ మెత్తబడలేదు.

"చదవకుండా సరే అంటావా? అక్కడ కళ్లాల్లో మా నడుములు విరిగిపోతున్నాయి."

సిద్దికా ఆ పక్క కుర్చీలోనే కూర్చుని మిగతా పది మందికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. నలుగురు అప్పటికే సరుకు వెనక్కి తోలుకుపోయారు. బాపయ్య అనే రైతు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. అంతా విని, రేపు ఉదయం ఆయన వంతని రెండుసార్లు చెప్పింది.