జమున రొట్టె

“ఈ నెల రొట్టె నువ్వే చెయ్యి. జమునను పిలవకు,” అన్నారు మా ఆయన, ప్రసంగం కాగితాల మీద నుంచి తల ఎత్తకుండానే.

శనివారం సాయంత్రం. తెల్లారితే నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల, యేసు పేర రొట్టె విరిచి పంచుకునే రోజు. సూర్యాపేటలో మా సంఘానికి నూట ఇరవై మంది వస్తారు. అందరికీ చాలినంత పులియని రొట్టె చేయడం పాస్టరు భార్య పని అని ఎక్కడా రాసి లేదు. రాస్తే జీతమూ రాయాల్సి వచ్చేది. పెళ్లై పంతొమ్మిదేళ్లు. ఆయనకు పుల్పిట్టు, నాకు రొట్టెల పీట. ఆయన బోధిస్తారు, నేను బాధిస్తాను, ఇది ఆయన మాటే. నిజానికి ఆ బోధలో జనం నవ్వే ప్రతి మాటా నేను అంట్లు తోముతూ అన్నదే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అత్తగారు దేవమ్మ పదిమందిలో చెప్పింది: “కోదాడ పిల్లా, పాస్టరు పెండ్లాం గట్ల ఇకిలించద్దు. సంఘం సూస్తది.” అప్పటి నుంచి నా నవ్వులన్నీ ఆయన నోటి గుండానే బయటికి వెళ్తున్నాయి. అయ్యగారికి ఎంత చమత్కారమో అని సంఘం మురుస్తుంది. ఆ సంఘంలో సగానికి పైగా ఆడవాళ్లమే గానీ కమిటీలో మాకు దక్కింది మాత్రం ‘సం’లోని సున్నా. ఆమెన్‌లో ఆమె ఉంది. ఆమె మాటకే ఆమెన్ లేదు.

జూలై చివర చర్చి వరండా కడుగుతూ జారిపడ్డాను. కుడి మణికట్టు బెణికి, దవాఖానలో కట్టు కట్టించుకుని, ఎడమ చేత్తో పిండితో కుస్తీ పడుతున్నాను. అప్పుడొచ్చింది జమున. మిర్యాలగూడ రోడ్డు మీది లంబాడీ తండా నుంచి మా చర్చికి వచ్చే ఆరు కుటుంబాల్లో వాళ్లదొకటి. బాప్తిస్మం తీసుకుని ఏడాది. మార్కెట్ యార్డులో వడ్లు జల్లెడ పడుతుంది. పిల్లకు జ్వరమని ప్రార్థన కోసం వచ్చిన మనిషి, వంటింటి గడపలో నిలబడి నన్ను చూసింది.

“గిదేం పిసుకుడమ్మా, పిండి పరేషాన్ అయితున్నది. జర జరుగు.”

ఆమె పిండికి తడిబట్ట కప్పి ఊరనిచ్చింది. అంచు నుంచి నడుమకు ఒత్తింది. మరునాడు చర్చి గుమ్మంలో సంఘ పెద్ద శ్రీహరి సారు, రిటైరైన టీచరు, ఊరికే ఎవరినీ మెచ్చని మనిషి, నన్ను ఆపి, “అమ్మగారూ, ఇయ్యాల రొట్టె దూదిలెక్క ఉన్నది,” అన్నారు. ఆయన భార్య శోభారాణి, “ఏం కలిపిండ్రమ్మా?” అని అడిగింది.

“ప్రార్థన,” అన్నాను.

అందరూ నవ్వారు. వెనక, చెప్పుల పక్కన, తండా వాళ్ల కోసం వేసిన చాప మీద కూర్చున్న జమున కూడా నవ్వింది. కొంచెం ఆలస్యంగా.

అలా మూడు నెలలు ఆమె రొట్టె చేసింది, నేను పొగడ్త తిన్నాను. నా మాటలు మా ఆయన వాడుకుంటే కడుపు మండే దాన్ని, ఆమె చేతి పని నా ఖాతాలో పడుతుంటే కమ్మగా ఊరుకున్నాను.

పోయిన నెల శోభారాణి బల్ల మీది గుడ్డ ఉతికి తెచ్చి, మా వంటింట్లో పిండి చేతులతో ఉన్న జమునను చూసింది. మర్నాడు రొట్టె ముక్క తీసుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు. రుమాల్లో చుట్టేసింది.

ఈ రోజు పొద్దున శ్రీహరి సారు వచ్చారు.

“మాకేం లేదమ్మా. చాయ్ హోటల్ల మా నాయినకు వేరే గ్లాసు పెట్టేటోళ్లు, కులమంటే ఏందో నాకు ఎరుక లేదా? గని బల్ల పవిత్రమైంది. ఆళ్లు కొత్తగొచ్చిండ్రు. జర టైం పడతది. నలుగురు నాలుగు తీర్ల అంటరు.”

“ఎవరు సారూ ఆ నలుగురు?”

“నలుగురంటే... నలుగురేనమ్మా.”

ఆ గ్లాసు సంగతి అబద్ధం కాదు. ఏటా సంఘం ముందు సాక్ష్యంలో అది చెబుతూ ఆయన కళ్లు తుడుచుకుంటారు. వింటూ నేనూ ఏడుస్తాను. మా తాతకూ అదే గ్లాసు.

“మెల్లగ మారుద్దాం అరుంధతీ,” అంటున్నారు మా ఆయన. “సారు అలిగితే కమిటీ అంతా అలుగుతది. మనముండే ఇల్లు గూడ సంఘందే.” ఆయన భయం నాకు తెలుసు. చిన్నప్పుడు వాళ్ల నాన్నను ఇలాగే ఒక సంఘం రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేయించింది. కానీ ఆయన ముందున్న కాగితాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఆదివారం జాతి వివక్ష మీద ప్రసంగించాలని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మోషే కూషు దేశపు నల్ల స్త్రీని చేసుకున్నాడని అతని అక్క మిర్యాము సణిగిన బైబిలు కథతో మొదలుపెట్టి, అమెరికాలో నల్లవాళ్ల మీద రెండు పేజీలు రాశారు.

“మొదట్ల నవ్వొచ్చే మాట ఒకటి చెప్పు.”

“అమెరికా దాకా ఎందుకండీ? అక్కడికైతే వీసా కావాలి. మన వివక్ష చూడాలంటే చెప్పుల దాకా పోతే చాలు.”

ఆయన అది రాసుకోలేదు.

గేటు చప్పుడైంది. జమున. తలస్నానం చేసి, ఆటోకు వచ్చింది.

“పిండి తడిపినవా అమ్మా?”

దాచకుండా చెప్పేశాను. ఆమె గడప దాటలేదు.

“నాకెరుకే. శోభమ్మ మొఖం సూసిన్నాడే ఎరుకైంది. సారు మీద నాకేం కోపం లేదు. ఏం కలిపినవని నిన్ను అడిగిండ్రు. నేను గాడనే ఉన్న. నా పేరు చెప్తే నీ నోరు అరిగిపోతుండెనా?”

క్షమించమన్నాను.

“రేపు అందరి ముందు చెప్తాను. చెప్పమంటావా?”

ఆమె నా మణికట్టు కేసి చూసింది.

“పేరు వెట్టి చెప్పు. తండా ఆమె అనకు.”

చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పిండి గిన్నె ముందుకు లాక్కుంది. మా ఆయన గుమ్మం దాకా వచ్చారు, మా ఇద్దరినీ చూశారు, కాగితాల దగ్గరికి వెళ్లిపోయారు.

ఆదివారం ప్రసంగం బాగానే సాగింది. అమెరికా కోసం అందరూ నిట్టూర్చారు. సాక్ష్యాల వేళ నేను లేచాను.

“ఒక దొంగతనం ఒప్పుకోవాలి. మూడు నెలలు మీరు మెచ్చిన రొట్టె నాది కాదు, జమునది. పొగడ్త నేను మింగాను. ఈ రోజు బల్ల మీద ఉన్నదీ జమున చేసిందే. ఆ గుడ్డ ఇరవై ఏళ్లుగా ఉతుకుతున్నది శోభారాణి గారు. ఎవరైనా ఒక్కసారి ఆమె పేరు చదివారా? మన తండ్రులకు వేరే గ్లాసు పెట్టిన వాళ్లను దేవుడే అడగాలని ఏడుస్తాం. జమునకు వేరే చాప వేసిన మనల్ని ఎవరు అడగాలి?”

మా ఆయన బల్ల దగ్గర రొట్టె చేతిలోకి తీసుకున్నారు. శ్రీహరి సారు కేసి చూశారు. సారు ఫ్యాను కేసి చూశారు. రొట్టె అలాగే ఉండిపోయింది.

నేను నడిచి వెళ్లి వేదిక ఎక్కాను. ఇన్నేళ్లలో బకెట్టూ చీపురూ లేకుండా అది ఎక్కడం అదే మొదలు.

“మీరు విరవకపోతే నేను విరుస్తాను,” అన్నాను.

భయమో, సిగ్గో, మరి ఇంకేదో గానీ, ఆయన రొట్టె పళ్లెంలో పెట్టి పళ్లెం నా వైపు జరిపారు. విరిచాను. మణికట్టు కలుక్కుమంది. జమునను పిలిచి పళ్లెం ఆమె చేతికిచ్చాను. ఇద్దరం నిలబడ్డాం. ఎవరూ లేవలేదు.

అప్పుడు శోభారాణి లేచింది. బయటికి పోతుందనుకున్నాను. ముందు వరస దాటుతుంటే సారు ఆమె కొంగు పట్టుకుని, “కూసో,” అన్నారు. ఆమె కొంగు లాక్కుని, నన్ను దాటి వెళ్లి, జమున ముందు దోసిలి పట్టింది.