ఏడో నంబరు జెర్సీ

ఆ ఆదివారం రింకు గోడకెక్కింది నా మొహం. కింద రాసిన పేరు మా అన్నయ్య ఒరెస్ట్‌ది.

మా ఊళ్లో ఏటా మార్చిలో, పేరు తెచ్చిన ఆటగాళ్ల ఫోటోలు ఐస్ రింకు మెట్ల పక్కన తగిలించి, మేడ మీద భోజనాలు పెడతారు. ఈ ఏడు అన్నయ్య వంతు. పోయి ఐదు నెలలైంది. దరఖాస్తు రాసింది మా వదిన మార్జొరీ. ఈ వయసులో నాలుగు పేజీలు తనే రాసింది.

1961లో ఐస్ హాకీ ఫైనల్ నాటి పొద్దున అన్నయ్యకి గవదబిళ్ళలు లేచాయి. జట్టులో ఉన్నదే తొమ్మిది మంది. ఆడపిల్లల్ని ఆడనిచ్చే రోజులు కావవి. నాకు పదమూడేళ్లు. నా జడ టోపీలోకి దోపి, తన ఏడో నంబరు జెర్సీ తొడిగి, "నోరు మాత్రం విప్పకే తల్లీ" అన్నాడు. నోరు విప్పకుండానే నాలుగు గోల్స్ కొట్టాను. కప్పుతో ఫోటో కూడా తీశారు. తర్వాత అన్నయ్య ఇరవై ఏళ్లు ఆడాడు గానీ, ఊరు చెప్పుకునేది ఆ నాలుగు గోల్సే. సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆఖరివాడు అన్నయ్య.

"నేను పోయాక చెప్పెయ్యి స్టెఫీ. అది నీ ఆట" అన్నాడు ఆసుపత్రిలో.

అన్నయ్య తరఫున మాట్లాడాల్సింది నేనే. చెప్పాలనే వచ్చాను. రాసుకున్న కాగితం సంచీలో ఉంది. చచ్చేలోపు ఒక్కసారి నా ఊరు నా పేరు వినాలని నాకు చాలా ఆశ.

"పిన్నీ, రెండు ముక్కల్లో కానియ్యి. పెరోగీ కుడుములు చల్లారిపోతున్నాయి" అన్నాడు కమిటీ కెల్విన్.

"నువ్వొచ్చేదే తిండికి కదరా."

1961 నాటి ఆ ఫోటో మీద కప్పిన గుడ్డ తీశారు. వదిన దగ్గరికెళ్లి, కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"మీ అన్నయ్య కనుబొమ్మ మీద గాటేదీ, స్టెఫీ? ఆరేళ్లప్పుడే ముళ్లతీగ గీసుకుందన్నారే. యాభై రెండేళ్లు పొద్దున్నే లేచి చూసిన గాటు అది."

ఆవిడ కళ్లలో అనుమానం లేదు, భయం ఉంది. మిగిలిన ఆ కాస్త మనిషినీ ఎవరో లాక్కుపోతారేమోనన్న భయం.

"పాత ఫోటో వదినా. మాసిపోయుంటుంది."

"అంతేనంటావా?"

"అంతే."

వదిన వేళ్లు ముద్దుపెట్టుకుని ఫోటోలో చెంపకి ఆనించింది. పదమూడేళ్ల నా చెంపకి.

మైకు దగ్గర అన్నయ్య తరఫున అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. కాగితం సంచీలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆ ఫోటోని సరిగ్గా చూసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడకే అబద్ధం చెప్పాను.

కెల్విన్ పళ్లెం పట్టుకొచ్చి పక్కన చేరాడు.

"అచ్చం నీ పోలికే పిన్నీ. నువ్వూ ఆడి ఉంటే ఎలా ఉండేదో."

"నాకు స్కేటింగే రాదురా" అన్నాను.

వదినకి చెప్పినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.