సంతకాల బుధవారం

మా తమ్ముడు కోర్డెల్ లాంటి లైన్‌బ్యాకర్ మా కౌంటీలో పుట్టి చాలా ఏళ్ళయిందని అందరూ అంటారు. మా దక్షిణ జార్జియాలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడని మగపిల్లాడు ఉండడు కాబట్టి ఆ మాట చిన్నదేం కాదు. ఎదుటివాళ్ళు బంతి పట్టుకుని ఎటు దూరతారో వాళ్ళకన్నా ముందే పసిగట్టి అడ్డంపడటం వాడి పని. ఎద్దులాంటి వాళ్ళని పడగొట్టి, మళ్ళీ తనే చెయ్యి అందించి లేపేవాడు.

"లేపేదానికి పడెయ్యడం దేనికిరా?" అని ఏడిపించేదాన్ని.

"పడెయ్యమన్నది కోచ్. లేపమన్నది అమ్మ."

అమ్మ అన్నదంటే మా ఇంట్లో దానికి తిరుగులేదు. మా అమ్మ ఎర్నెస్టీన్ రాత్రుళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో పని చేస్తుంది, ఆదివారాలు చర్చి వంటగదిని ఏలుతుంది. అబద్ధమాడితే చిన్నప్పుడు నాలిక మీద సబ్బు రాసేది. నేను చాలా సబ్బు తిన్నాను. కోర్డెల్ ఒక్కసారీ తినలేదు, వెధవ.

జూన్‌లో ఒక పెద్ద కాలేజీ నుంచి కోచ్ డ్రిస్కెల్ మా ఇంటికొచ్చాడు. అమ్మ పంది మెడెముకల కూర, అన్నం, తియ్యగా కాల్చిన పీచ్ పళ్ళ కాబ్లర్ చేసి పెట్టింది. మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. భోజనానికి ముందు ప్రార్థన కూడా అమ్మ చెయ్యి పట్టుకుని ఆయనే చెప్పాడు.

"మా జట్టులో మీ అబ్బాయి చోటు మీ అబ్బాయిదేనమ్మా. చదువు, తిండి, గది అన్నీ మావే. డిగ్రీ చేతికిచ్చి మీ దగ్గరికి పంపిస్తా. ఇది నా మాట," అన్నాడు.

కోర్డెల్ కూడా వస్తానని మాటిచ్చాడు. కానీ కాలేజీ కాగితాల మీద సంతకాలు పెట్టేది డిసెంబరులో ఒక బుధవారం. అప్పటిదాకా ఇటు మాటకీ విలువ లేదు, అటు మాటకీ విలువ లేదు. ఈ సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. అందుకే బతకనేర్చినవాళ్ళు ఒక కాలేజీకి సరేనన్నాక కూడా మిగతావాళ్ళతో తియ్యతియ్యగా మాట్లాడుతూనే ఉంటారు. మా స్కూలు కోచ్ మాబ్రీ ఆ మాటే చెప్పడానికి అమ్మ దగ్గరికొచ్చాడు.

"ఎర్నెస్టీన్ గారూ, పిల్లాణ్ణి అబద్ధమాడమనట్లేదు. ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడమంటున్నానంతే."

"ఏం మాట్లాడాలి? ఒకమ్మాయి వేలికి ఉంగరం తొడిగి, ఇంకో అమ్మాయిని సినిమాకి రమ్మన్నట్టు ఉంటుంది. నా కొడుకు అట్లాంటి వాడు కాదు."

మాబ్రీ సాయం కోసం నా వంక చూశాడు. నేను ఇంటికప్పు వంక చూశాను. అమ్మతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అక్టోబరులో మిగతా కాలేజీల ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ రావడం, అమ్మ పొయ్యి దగ్గర్నుంచి చూడడం, వీడు "మాటిచ్చేశాను సార్" అని పెట్టెయ్యడం. ఒక్కడితో మాత్రం వాడు కాస్త ఎక్కువసేపు మాట్లాడాడు. మా ఊరికి గంట దూరంలో ఉన్న చిన్న కాలేజీ కోచ్, పేరు టిల్మన్. ఆయన మా వాడి ఆటలన్నీ చూశాడు. ఏ ఆటలో ఎక్కడ తప్పు అడుగు వేశాడో కూడా చెప్పి తిట్టాడు. వాడు ఆ తిట్లకి నవ్వుతున్నాడు. అంతలో అమ్మ గరిటె పెట్టి గిన్నె మీద కొట్టింది. వాడి నవ్వు ఆగిపోయింది.

తర్వాత చూస్తే ట్రక్కులో ఒక్కడే కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నాకు ఆయన దగ్గరికి వెళ్ళాలనుందక్కా."

"అమ్మతో చెప్పనా?"

"వద్దు. అమ్మ ఆ డ్రిస్కెల్ ముందు తలదించుకోవాల్సొస్తుంది."

చెప్పి ఉండాల్సింది అని మీరంటారు. మీరు మా అమ్మ చేతి కింద పెరగలేదు.

ఆ బుధవారం ఉదయం స్కూలు జిమ్ నిండా జనం. సంతకాలు పెట్టే పిల్లలందరికీ పొడుగాటి బల్ల వేశారు. ఒక్కొక్కడి ముందు కాలేజీల టోపీలు పెడతారు. వాడు ఊరించి ఊరించి తను చేరబోయే కాలేజీది తీసి నెత్తిన పెట్టుకుంటే జనం గోల చేస్తారు. మా వాడి ముందు ఒక్క టోపీయే ఉంది. తీసుకోని టోపీలు పెట్టడం కూడా అబద్ధమేనంది అమ్మ.

జనం ఇంకా సర్దుకుంటుండగానే మాబ్రీ కోర్డెల్‌నీ నన్నూ జిమ్ పక్కనున్న తన గదిలోకి పిలిచాడు. డ్రిస్కెల్ కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారట. వేరే కాలేజీలో మూడేళ్ళు ఆడిన లైన్‌బ్యాకర్ ఒకడు వాళ్ళ దగ్గరికి వస్తానన్నాడట. కోర్డెల్‌కి చోటు లేదట. ఆ కబురు చెప్పింది కూడా డ్రిస్కెల్ కాదు, వాళ్ళ ఆఫీసులో ఎవరో కుర్రాడు. డ్రిస్కెల్‌కి మాబ్రీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆ మనిషి నోట్లో మన్నుపడ, మా కంచంలో తిన్న నోరది.

కోర్డెల్ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. పడగొట్టినవాణ్ణి లేపడం తెలుసుగానీ, తను పడితే ఏం చెయ్యాలో వాడికి తెలీదు.

అంతలో అమ్మ వచ్చింది. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చింది, పైన ఆ కాలేజీ రంగు చొక్కా తొడుక్కుని. వెనకాల చర్చి ఆడవాళ్ళు కేకు పట్టుకుని నిలబడ్డారు. మాబ్రీ తలుపు దగ్గరికేసి, సంగతంతా చెప్పాడు.

"ఆయన ప్రార్థన చెప్పాడే," అంది అమ్మ. కాసేపు అదే మాట అంటూ ఉండిపోయింది. తర్వాత కోర్డెల్ ఫోన్ అడిగి తీసుకుని, టిల్మన్‌కి చేసింది. నా జన్మలో అమ్మ ఎవర్నీ బతిమాలడం నేను వినలేదు.

"నేను కోర్డెల్ తల్లినండీ. మిమ్మల్ని కాదన్నది వాడు కాదు, నేను అనిపించాను. తప్పు నాది. వాడికేమైనా..." ఆగింది. అవతల ఆయన చాలాసేపు మాట్లాడాడు. "ఆ చోటుకి వేరే అబ్బాయి పొద్దున్నే సంతకం పెట్టేశాడా? మంచిదండీ. ఆ పిల్లాణ్ణి చల్లగా చూడండి," అని పెట్టేసింది.

తర్వాత వాడి వంక తిరిగింది.

"ఆయన దగ్గరికి వెళ్ళాలని ఉండిందా నాన్నా నీకు?"

కోర్డెల్ ఒక్కసారి నా కళ్ళలోకి చూశాడు, నోరెత్తకు అన్నట్టు.

"లేదమ్మా. నువ్వు చెప్పకపోయినా వద్దనేవాణ్ణి."

వాడు అమ్మతో ఆడిన మొదటి అబద్ధం అది. నిజం చెప్పినట్టే చెప్పాడు. అమ్మ వాడి ముఖం వంక చాలాసేపు చూసి, "సరే," అంది. నమ్మలేదని నాకు తెలుసు.

బయట చప్పట్లు మొదలయ్యాయి. వాడి స్నేహితుడు వెండెల్ పేరు మైకులో పిలుస్తున్నారు. కోర్డెల్ చొక్కాతో ముఖం తుడుచుకుని లేచాడు.

"ఎక్కడికిరా, అంతమంది ముందుకి?" అన్నాను. "పద, ఇంటికెళ్ళిపోదాం."

"సంతకం పెట్టేటప్పుడు పక్కన కూర్చుంటానని వెండెల్‌కి మాటిచ్చానక్కా," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాట విని, మాబ్రీ కుర్చీలో కూలబడి, రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది.