ఉంగరాల జానమ్మ

కేతేపల్లి జానమ్మ ఎంటికలు పుట్టినకాడి నుంచే చుట్టలు చుట్టుకొని ఉంటయి. దువ్వెన దిగితే మళ్ల పైకి రాదు. గొర్లు కాసే ఇల్లాయె, ఊరంత ఆమెను ‘గొర్రెబొచ్చు జానమ్మ’ అనే పిలుస్తది. గట్ల పిలిస్తేనే ఆమె పలుకుతది.

మొన్న జాతరకు మనుమరాలు సుస్మితను తోలుకొని పోయింది. ఇంటర్ చదివే సుస్మిత రంగులరాట్నం ఎక్కి దిగేసరికి అవ్వ కనబడలే. ఏడుపు మొకంతోటి మైకు పందిరికి ఉరికింది.

“అన్నా, మా అవ్వ తప్పిపోయింది. పేరు జానమ్మ.”

“గుర్తులేమన్న చెప్పమ్మా,” అన్నడు మైకు పట్టిన ప్రవీణ్.

పదిమందిల గొర్రెబొచ్చు అనబుద్ది కాలే సుస్మితకు. పుస్తకంల మాట యాదికొచ్చింది. “ఉంగరాల జుట్టు,” అన్నది.

డప్పుల మోతల ప్రవీణ్‌కు మొదటి మాటే ఇనబడ్డది. “ఉంగరాలు పెట్టుకున్న జానమ్మ అనే ముసలామె తప్పిపోయింది! కనబడితే మైకు కాడికి తీస్కరాండ్రి!”

జానమ్మ గప్పుడు గాజులమ్మే రిజ్వానా కాడ కూసొని సోడా తాగుతాంది.

“అయ్యో, నా పేరామెనే. ఉంగరాలంటే ఉన్నోళ్ల మనిషే. దొంగల కండ్ల పడకముందే చూసొస్త.”

“నువ్వే కాదు గద అక్కా?” అన్నది రిజ్వానా.

“నాకు ఉంగరమేడిది?” అని బోడి ఏళ్లు చూపెట్టి జనంల పడ్డది.

కనబడ్డ ముసలామెనల్ల ఆపుడు, ఏళ్లు చూసుడు. మిఠాయి దుకాణం కాడ నాగరాణి అనే ఆమె మూడు ఉంగరాల చేత్తోటి జిలేబి తింటాంది. జానమ్మ ఆ చెయ్యి గట్టిగ పట్టింది.

“దొరికినవ్! నడువు, మీవోళ్లు ఏడుస్తున్నరు!”

“దొంగ! దొంగ!” అని మొత్తుకున్నది నాగరాణి.

నలుగురు జమై జానమ్మను మైకు పందిరికి గుంజుకపోయిన్రు. సుస్మిత ఉరికొచ్చి కావలించుకున్నది. “దొంగ కాదు, మా అవ్వ!”

ప్రవీణ్ జానమ్మ చేతులు తిప్పి తిప్పి చూసిండు. “ఉంగరాలేవి మరి?”

“నెత్తి మీదున్నయి అన్నా!”

అందరు నెత్తి చూసిన్రు. ముందుగాల నవ్వింది నాగరాణే.

“గొర్రెబొచ్చు అంటే నేనే ఉరికొద్దును గదనే!” అని కసిరింది జానమ్మ.

“పుస్తకంల గట్లనే ఉంటది అవ్వా.”

“గా పుస్తకం రాసినోడు నన్ను చూసిండా?”

ప్రవీణ్ తప్పు దిద్దుకుందామని మళ్ల మైకు అందుకున్నడు. “జానమ్మ దొరికింది! ఉంగరాలు మాత్రం లేవు!”

ఇంకేముంది, తొవ్వ పొంటి ఓదార్పులే. ఒకామె వీపు నిమిరింది. ఒకాయిన ఠాణాకు పోదాం పా అన్నడు. ఇంకొకామె పేలాల పొట్లం చేతిల పెట్టింది. మొదట్ల జానమ్మ అందరికి నెత్తి చూపెట్టుకుంట చెప్పింది. ఐదో మనిషి దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయింది.

“ఎన్ని తులాలమ్మా?” అని అడిగిండు ఆయిన.

జానమ్మ కొంగుతోటి కండ్లొత్తుకున్నది. “ఎన్నైతేంది బిడ్డా, పాణం దక్కింది,” అన్నది.