మార్లిస్ పెన్‌డ్రైవ్

అందులోనూ ఆ పెన్‌డ్రైవ్‌కి చేపపిల్లలా అల్లిన ఊలు తొడుగొకటి, ఇరవై రెండేళ్లుగా సుపీరియర్ సరస్సులో చేపలు లెక్కపెట్టే మనిషికి ఇంతకన్నా తెలివెక్కణ్ణుంచి వస్తుందిలే అనుకున్నాడు ఆర్విడ్, పొద్దున చచ్చిపోయిన సర్వర్ డిస్కు పీకి కొత్తది బిగిస్తూ, డులూత్‌లోని ఈ చేపల పరిశోధన ఆఫీసులో పధ్నాలుగు మందికి కంప్యూటరంటే ఏమిటో చెప్పలేక చస్తున్నాడు తను, ఒకడు రిపోర్టుకి ఫైనల్ అని పేరు పెడతాడు, మర్నాడు ఫైనల్ రెండు, ఈ మార్లిస్ అయితే ప్రతి శుక్రవారం మూడింటికి నోము పట్టినట్టు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని భోజనం డబ్బా పక్కన పెట్టుకుని ఇంటికి పోయేది, చూసి చూసి ఒళ్లు మండి జూన్ ఇరవయ్యిన లాగేసుకున్నాడు, ఇలా ఇవ్వండి, మీ ఫైళ్లుండేది సర్వర్లో, మీ బల్ల మీద మెషీన్లో కాదు, అవన్నీ రోజూ మధ్యాహ్నం వాటంతటవే బ్యాకప్ అవుతున్నాయి, మీ చెయ్యి తగలకపోతే చాలు, ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, అది కాదు నాయనా, నా తృప్తి కోసం అంది, తృప్తి కావాలంటే చర్చికి వెళ్లండి అన్నాడు, భోజనాల గదిలో అందరూ నవ్వారు, మార్లిస్ కూడా నవ్వింది, నవ్వక ఏం చేస్తుంది.

ఇప్పుడు అదే మార్లిస్ కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, శుక్రవారానికి ఈ ఏడాది లెక్క పంపాలట, రిటైరయ్యేలోగా ఇదే ఆఖరిదట, నా ఫైళ్లు దొరుకుతాయా ఆర్విడ్ అంటోంది, దొరక్కపోవడమేమిటి, అరగంట, వెళ్లి కూర్చోండి అని బ్యాకప్ డిస్కు తెరిచాడు, మార్చి తొమ్మిది, మళ్లీ చూశాడు, మార్చి తొమ్మిదే, ఇదేమిటి, బ్యాకప్ విజయవంతం అని రోజూ మెయిల్ వస్తూనే ఉందిగా, చదవకపోయినా వస్తోందిగా, మార్చిలో ఏముంది, గుస్తావ్ వీడ్కోలు పార్టీ ఫొటోల కోసం ఈ డిస్కే ఊడదీసి పట్టుకెళ్లి సాయంత్రం తెచ్చి మళ్లీ గుచ్చాడు, గుచ్చాడంతే, గుచ్చితే చాలదని, మౌంట్ చెయ్యాలని, అంటే డిస్కు వచ్చిందని సర్వర్‌కి చెప్పి కలపాలని, చెయ్యకపోతే అదే పేరుతో సర్వర్ లోపల ఉన్న ఖాళీ ఫోల్డర్లోకి కాపీలన్నీ పోతాయని పని నేర్చుకునేవాళ్లకి మొదటి వారమే చెబుతారు, అలాగే పోయాయి, ఆరు నెలలు, ఏ డిస్కు చస్తుందని కాపీలు తీశాడో ఆ డిస్కులోకే, ఒక్కసారి సర్వర్ ఆపి మళ్లీ లేపినా దానంతటదే సర్దుకునేది, లేపితేగా, నాలుగొందల పన్నెండు రోజులుగా ఆగకుండా నడుస్తోందని తలుపు మీద అంకె రాసుకుని రోజుకొకటి కలుపుతూ మురిసిపోయాడు, ఒక్కనాడైనా ఒక్క ఫైలు వెనక్కి తీసి చూశాడా, ఛీ, గాడిద, తుడుచుకో ఇప్పుడా అంకె.

బల్ల సొరుగు లాగాడు, చార్జర్ తీగల కింద ఊలు చేప, తొడుగు లాగి గుచ్చాడు, ఏప్రిల్ వలలు, మే వలలు, జూన్, అన్నీ ఉన్నాయి, శుక్రవారానికొక ఫోల్డరు, తేదీ వేసి, పొందిగ్గా, జూన్ ఇరవైతో ఆగిపోయాయి, మరి తర్వాతవో అంటోంది మార్లిస్, ఆవిడ గుమ్మంలోంచి కదలనేలేదు, వేసవంతా పడవ మీద గాలికి పగిలిన ఆ చేతులు చూడలేక తల దించుకున్నాడు, మళ్లీ వెళ్లి లెక్కపెట్టడానికి ఆ వేసవి ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏం చెప్పాలి, చెప్పాల్సింది ఒక్కటే ఉంది, ఈ ఆఫీసులో నిజంగా బ్యాకప్ తీసిన మనిషి ఆవిడొక్కతే, ఆవిడకి పోయినవన్నీ సరిగ్గా తను దీన్ని లాక్కున్న రోజు తర్వాతవే.